ఆదివారం ఆగే కారు

ఇందుకూరుపేట,
మార్చి 11.

లిల్లీ,

వందనాలు. కాలి కట్టు విప్పేదాకా నువ్వు నాయుడుపేట దాటవు. ఈస్టరు దాకా నేను ఫోను ముట్టను. ఈ నలభై రోజులూ దాన్ని బీరువాలో పెట్టి తాళం వేయాలని తీర్మానించుకున్నాను. అందుకే ఉత్తరం.

నిన్న సోమవారం పొద్దున సంగతి రాస్తాను. కొత్తదేమీ కాదు. ఈ మధ్య ప్రతి సోమవారం ఇట్లాగే ఉంటోంది.

ఐదింటికి లేచి ప్రార్థన ముగించాను. కాఫీ కాచాను. రొయ్యల గుంటల్లో నీళ్లకు గాలి పట్టించే చక్రాలు తిరిగే చప్పుడు తప్ప వీధిలో అలికిడి లేదు. ఆరున్నరకు కిషోర్ బాబు వచ్చాడు. తల దువ్వుకుని, తెల్ల చొక్కా వేసుకుని ఉన్నాడు. కారు అద్దాలు తుడిచాడు. నాలుగు టైర్లనూ కాలితో తట్టి చూశాడు. వెంకటశేషమ్మ గారికి నడుము నొప్పి కాబట్టి వెనక సీటు మీద దుప్పటి నాలుగు మడతలు వేసి పరిచాడు. ఆమెకు సోమవారం, గురువారం నెల్లూరులో డయాలసిస్. తీసుకుపోయి తీసుకువచ్చేది వీడే. నాకు కంటి డాక్టరు దగ్గర పని ఉండి ముందు సీటులో కూర్చున్నాను.

సందు చివర పెద్ద రోడ్డు ఎక్కబోతుండగా కారు ఒక్కసారి వణికి ఆగింది. మళ్లీ స్టార్ట్ చేశాడు. వెనక స్కూలు బస్సు హారన్ కొట్టింది. మళ్లీ ఆగింది.

"ఏం అబ్బాయ్, పొద్దున్నే నా ప్రాణం మీదకి తెస్తా ఉండావే. రాత్రి నిద్రపోయినావా లేదా?" అన్నది వెంకటశేషమ్మ గారు.

"బండి కొంచెం మొరాయిస్తా ఉండాదమ్మా" అన్నాడు.

ఆమె ముందుకు వంగి ముక్కు ఎగబీల్చింది. ఎందుకో నాకు తెలుసు. వాడికీ తెలుసు. అద్దంలో నుంచి చూపు తిప్పుకున్నాడు. రైలు గేటు దగ్గర ఒకసారి, సిగ్నల్ దగ్గర రెండుసార్లు ఆగింది. ఆసుపత్రి ముందు ఆమె చెయ్యి పట్టి దించాడు. దుప్పటి మడిచి పక్కన పెట్టాడు.

మన తమ్ముడు కిషోర్ తాగుడు మాని మూడేళ్లు దాటింది. జనవరి నుంచి కారు ఇట్లా ఆగుతోంది. నా పెద్ద తమ్ముడు, మీ అన్న సమాధానం, రెండుసార్లు నెల్లూరు షాపులో చూపించాడు. కంప్యూటర్ తగిలించి చూసి తప్పేమీ లేదన్నారు. అయినా క్లచ్ ప్లేట్లు మార్చారు. "బండిలో ఏమీ లేదు సార్, మీ డ్రైవర్ కాలు చూసుకోండి" అన్నారట. కిషోర్ బాడుగకు తోలే ఈ కారు సమాధానం పేరు మీద ఉంది. పైగా వాడు మన చర్చిలో సంఘ పెద్ద. "ఈస్టరు దాకా చూస్తానక్కా. ఆ తరువాత తమ్ముడు కాదు, ఎవరైనా సరే, తాళం తీసుకుంటా" అన్నాడు. కిషోర్ భార్య హెప్సిబా ఏమీ అనడం లేదు. తాళం పోయిన రోజు పిల్లలను తీసుకుని కావలికి, పుట్టింటికి పోతానని నాతో మాత్రం చెప్పింది.

కార్ల వైరింగ్ షాపు నడుపుతున్నదానివి. ఏం చూడమంటావో చెప్పు.

పెద్దక్క

నాయుడుపేట,
మార్చి 14.

పెద్దక్కా, వందనాలు.

నీ ఉత్తరం షాపులోనే, స్టూలు మీద కాలు చాపుకుని చదివాను. కట్టు విప్పడానికి ఇంకా నెల పడుతుందట. "కార్ల కింద దూరి లేచే మనిషివి, ఇంటి మెట్ల మీద ఎట్టా జారినావు" అని మా ఆయన రోజుకొకసారి అడుగుతున్నాడు. అడగనీ.

ఫోను దాచి మంచి పని చేశావు. ఫోనులో అయితే "కారు ఆగిపోతోంది, ప్రార్థన చెయ్యి" అని పెట్టేసేదానివి. ఉత్తరం కాబట్టి దుప్పటి మడతలు కూడా లెక్కపెట్టి రాశావు. నాకు కావలసింది అదే. మా షాపుకు వచ్చేవాళ్లలో సగం మంది "బండి బాగాలేదు" అని తాళం చేతిలో పెట్టి పోతారు. ఏం చేస్తుండగా బాగాలేదని అడిగితే విసుక్కుంటారు.

కిషోర్‌కు ఫోను చేశాను. "ఏం లేదులే అక్కా, నా కాలే సరిగ్గా లేదేమో" అన్నాడు. సమాధానం అన్నకు చేస్తే "నువ్వెప్పుడూ వాడి పక్షమే గదా" అన్నాడు. నేను ఎవరి పక్షమూ కాదు. ఇంకా ఏమీ తెలియలేదు, అంతే.

పరుగెత్తుతున్న కారు ఉన్నట్టుండి ఆగితే అది ఒక దారి. పెట్రోలు అందడం లేదనో, గాలి అందడం లేదనో చూస్తాం. నిలబడిన కారు కదలబోతూనో, కదిలేది నిలబడబోతూనో ఆగితే అది వేరే దారి. సందు చివర, రైలు గేటు, సిగ్నల్ అని రాశావు. మూడూ క్లచ్ మీద కాలు ఉండే చోట్లే. కాబట్టి క్లచ్ అయినా కావాలి, కాలు అయినా కావాలి, ఆ రెంటి సంగతీ ఇంజనుకు చేరవేసే వైరు అయినా కావాలి. నెల్లూరు వాళ్లు మొదటిది మార్చి, రెండోదాన్ని తప్పుపట్టారు. మూడోదాన్ని ఎవరూ అడగలేదు.

పోయిన ఏడాది సూళ్లూరుపేట నుంచి ఒక టీచరమ్మ కారు తెచ్చారు. గేరు ఎక్కడ ఉందో ఇంజనుకు చెప్పే సెన్సరు ఒకటి ఉంటుంది. అది గేరులో ఉన్న బండిని న్యూట్రల్‌లో ఉందని చెబుతోంది. ఏడాది పాటు ఇంట్లో అందరూ ఆమెను "నీకు డ్రైవింగ్ రాదు" అని ఏడిపించారు. చివరికి ఆమే నమ్మేసింది. సెన్సరు మార్చి తాళం ఇస్తే ఆమె కారెక్కకుండా కాసేపు అట్లాగే నిలబడింది.

నువ్వు ఒక నోటు పుస్తకం పెట్టు. ఆగినప్పుడల్లా ఏ రోజు, ఏ వేళ, ఇంజను వేడెక్కి ఉందా లేదా, ఏసీ వేసి ఉందా, వెంటనే స్టార్ట్ అయిందా, ఇవి రాయి. వాడి ముఖం ఎట్లా ఉందో మాత్రం రాయొద్దు. ముఖం సంగతి రాస్తే నేను కారును చూడలేను. ఇంకొక మాట. డిసెంబరులో బాగున్నది జనవరిలో చెడింది. జనవరిలో ఏం మారిందో ఆలోచించు.

లిల్లీ

ఇందుకూరుపేట,
మార్చి 24.

లిల్లీ,

వందనాలు. నువ్వు చెప్పినట్టే రాశాను. నేను ఎక్కని రోజు కిషోర్‌నే అడిగాను. దాచకుండా చెప్పాడు.

పదహారు, ఆదివారం. గుడికి పోతూ వస్తూ నాలుగుసార్లు. పదిహేడు, సోమవారం. ఐదుసార్లు. మంగళవారం పొద్దున రెండుసార్లు, మధ్యాహ్నం లేదు. బుధవారం లేదు. గురు, శుక్ర, శనివారాలు లేదు. ఇరవై మూడు, ఆదివారం ఆరుసార్లు. ఈ రోజు సోమవారం నాలుగుసార్లు.

ఇంజను వేడెక్కినా ఎక్కకపోయినా తేడా లేదు. ఏసీ వేసినా తీసినా అంతే. వెంటనే స్టార్ట్ అవుతుంది. సమాధానం షాపుకు తీసుకుపోయింది రెండుసార్లూ శుక్రవారం. జనవరిలో మారినదేమీ లేదు.

పుస్తకం మొదటి నుంచి మళ్లీ చదివాను. ఆదివారం ఎక్కువ, సోమవారం కొంచెం తక్కువ, మంగళవారానికి పలచబడి, బుధవారానికి పోతుంది. ఇటువంటి లెక్క మన ఇంట్లో ఇంతకు ముందు చూశాం. శనివారం తాగిన మనిషి లెక్క ఇది.

వాడి ముఖం రాయొద్దన్నావు, రాయను. శనివారం రాయొచ్చు కదా. రెండు శనివారాలూ మధ్యాహ్నం నాలుగింటికి బైకు తీసుకుని ఎటో పోయాడు. చీకటి పడకముందే వచ్చాడు. ప్యాంటుకు మోకాలిదాకా బురద. "ఎక్కడికి పోయినావురా" అంటే "ఊరికే అట్టా పోయొచ్చినా" అన్నాడు. వాసన లేదు. అయినా నేను దగ్గరగా నిలబడ్డాను. వాడు గమనించాడు.

ఈ పుస్తకం సమాధానానికి చూపించమంటావా? చూపిస్తే ఈస్టరు దాకా ఆగడు.

పెద్దక్క

నాయుడుపేట,
మార్చి 27.

పెద్దక్కా,

చూపించొద్దు. నీ పుస్తకం బంగారం. ఇరవై ఏళ్లలో ఇంత శుభ్రమైన లెక్క నాకు ఏ కారు యజమానీ తెచ్చి ఇవ్వలేదు. భయపడుతూ కూడా ఒక్క అంకె తగ్గించలేదు నువ్వు.

మొదట శుక్రవారం సంగతి. నీ లెక్కలో శుక్రవారం సున్నా. జ్వరం లేని రోజు చూసి డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు అన్న. కంప్యూటర్‌కు ఏం కనపడుతుంది?

ఇక ఆదివారం సంగతి. శనివారం తాగిన మనిషికి సోమవారం కాలు వణకదు పెద్దక్కా. మంగళవారం అసలే వణకదు. నువ్వు మనిషిని మనసులో పెట్టుకుని లెక్క చదివావు. నేను తడిసిన వస్తువును పెట్టుకుని చదివాను. శనివారం తడిస్తే ఆదివారం కారుతూ ఉంటుంది, సోమవారం చెమ్మగా ఉంటుంది, మంగళవారం ఎండకు ఆరుతుంది. శనివారం కిషోర్ ఎక్కడికి పోతాడో నాకు వద్దు. శనివారం కారుకు ఏం జరుగుతుందో చెప్పు.

ఇంకొకటి. నిన్న మీ వీధి నాగులమ్మ నాయుడుపేట సంతకు వచ్చి షాపులోకి తొంగి చూసింది. "మీ తమ్ముడి కోసం ఆడోళ్లమంతా కన్నీళ్లతో ప్రార్థన చేస్తా ఉండామమ్మా, మళ్లీ పట్టుకున్నాడంట గదా" అన్నది. షాపులో నలుగురు ఉన్నారు. ఆ ప్రార్థన మనవి ఎవరిచ్చారు పెద్దక్కా?

లిల్లీ

ఇందుకూరుపేట,
మార్చి 31.

లిల్లీ,

వందనాలు. రెండు అడిగావు. రెంటికీ జవాబు నేనే.

శనివారం సాయంత్రం కారు కడిగేది నేను. ఆదివారం నడవలేని ముగ్గురు ముసలమ్మలను అందులో గుడికి తీసుకుపోతాం. వారమంతా ఎక్కినవాళ్ల కాళ్ల నుంచి గుంటల బురద లోపల అట్టకడుతుంది. దేవుని దినాన ఆ బురదలో వాళ్లు కాళ్లు పెట్టకూడదని నా పట్టుదల. మ్యాట్లు తీసి, కొబ్బరి పీచుతో పెడల్స్ తోమి, పైపు పెట్టి లోపలంతా కొడతాను. కారు తలుపులు తెరిచి ఉంచి పాటలు పాడుకుంటూ చేస్తాను. వారంలో నాకు బాగా ఇష్టమైన గంట అది.

డిసెంబరు దాకా పంచాయతీ నీళ్లతో కడిగాను. జనవరిలో కుళాయి రోజు విడిచి రోజు అయింది. పెరట్లో బోరు వేయించాం. రొయ్యల గుంటల పక్కన బోరు, దాని నీళ్లు నోట పోసుకుంటే సముద్రమే. ఆ బోరుకు పైపు తగిలించాను.

జనవరిలో మారినదేమీ లేదని రాశాను. బోరు గుర్తులేక కాదు. అది కారు సంగతి కాదనుకున్నాను. నేను చేసేది మంచి పని కదా, దానిలో వెతకడమేమిటి అనుకున్నాను.

నీ ఉత్తరం శనివారం మధ్యాహ్నం అందింది. కారు కడగలేదు. ఆదివారం ముసలమ్మలు బురదలోనే కాళ్లు పెట్టుకున్నారు. ఒక్కసారి కూడా ఆగలేదు. ఈ రోజు సోమవారం, వెంకటశేషమ్మ గారిని దించి వచ్చాడు. ఒక్కసారి కూడా ఆగలేదు. వచ్చి తాళం మేకుకు తగిలిస్తూ "పెద్దక్కా, ఈ రోజు నా కాలు బాగుంది" అన్నాడు. లోపలికి పోయి మోకరించాను. ఏం ప్రార్థించాలో తోచలేదు.

రెండోది. ఫిబ్రవరిలో, గురువారం స్త్రీల కూటంలో ఆ మనవి ఇచ్చింది నేనే. పేరు చెప్పలేదు. "మా తమ్ముడొకడు మళ్లీ పాత దారిలో పడుతున్నాడేమో, జ్ఞాపకం చేసుకోండి" అన్నాను. నాకున్నది ఇద్దరు తమ్ముళ్లు. అందులో ఒకడు సంఘ పెద్ద. పేరు చెప్పలేదని ఇన్నాళ్లూ నన్ను నేను సమాధానపరచుకున్నాను.

వాడి మీద ప్రేమతోనే అడిగాను. ప్రేమతో అడిగిందే ఊరంతా తిరిగింది. మామూలు చాడీ అయితే సగం మంది నమ్మేవాళ్లు కాదు.

నీ ఉత్తరాల్లో నాకు బాగా నచ్చినదేమిటో చెబుతాను. నువ్వు వాడు తాగలేదని ఎక్కడా వాదించలేదు. తాగాడనీ అనలేదు. కారును అడుగుతూ పోయావు. యాభై ఏడేళ్లు ప్రార్థన చేసిన దాన్ని, అట్లా అడగడం నాకు రాలేదు.

పెద్దక్క

నాయుడుపేట,
ఏప్రిల్ 4.

పెద్దక్కా,

నీ ఉత్తరం చదివి కాసేపు పని ఆపేశాను. నువ్వు నన్ను మెచ్చుకుంటే నాకు చేతులాడవు. చిన్నప్పుడు నాకు స్క్రూడ్రైవర్ పట్టుకోవడం నేర్పింది నాన్న కాదు, నువ్వు. చర్చి మైకు చెడిపోయినప్పుడు "ముందు ఏ వైరు ఊడిందో చూడు, తిట్టడం తరువాత" అన్నావు. అప్పటి నుంచి నేను చేస్తున్నది అదే.

కారు సంగతికి వస్తాను. క్లచ్ పెడల్ పక్కనే చిన్న స్విచ్ ఉంటుంది, చిటికెన వేలంత. తొక్కినప్పుడూ వదిలినప్పుడూ ఇంజనుకు ఆ సంగతి చెప్పడమే దాని పని. మీ రకం కార్లలో క్లచ్ వదులుతున్నారని తెలిస్తే ఇంజను తనంతట తాను కాస్త ఊపు అందుకుని బండిని కదిలిస్తుంది. తెలియకపోతే ఆ ఊపు రాదు, గుటుక్కున ఆగుతుంది. దాని వైర్లు కలిసేచోట ఉప్పు నీళ్లు నిలబడితే తొక్కినా తొక్కలేదంటుంది, వదిలినా వదల్లేదంటుంది. ఎప్పుడూ అబద్ధమే చెబితే కిషోర్ లాంటివాడు రెండు రోజుల్లో సర్దుకుని తోలేవాడు. ఒకసారి నిజం, ఒకసారి అబద్ధం. అందుకే ఇరవై ఏళ్లు స్టీరింగ్ పట్టినవాడి కాలికి కూడా లెక్క అందలేదు.

అయితే పెద్దక్కా, పని సగమే అయింది. కడగడం మానితే తగ్గింది అంటే చాలదు. చేస్తే మళ్లీ రావాలి. అప్పుడే కారణం దొరికినట్టు. లేకపోతే అన్న ఏమంటాడో నీకు తెలుసు. "మనం ప్రార్థించినాం, వాడు మానుకున్నాడు, కాలు నిలబడింది" అంటాడు. కిషోర్ జీవితాంతం రెండుసార్లు తాగుడు మానినవాడిగా మిగిలిపోతాడు.

కాబట్టి వచ్చే శనివారం ఎప్పటిలాగే కడుగు, అదే బోరు నీళ్లతో. ఆదివారం పొద్దున ఖాళీగా ఉన్న చోట, ఎవరినీ ఎక్కించకుండా, కారు అన్న చేత తోలించు. కిషోర్ చేత కాదు. జీవితంలో చుక్క ముట్టని మనిషి కాలు కింద ఆ పెడల్ ఏం చేస్తుందో చూద్దాం. దానికి ముందు ఈ సంగతంతా కిషోర్‌కు చెప్పు. కారు కంటే ముందు వాడికి తెలియాలి.

లిల్లీ

ఇందుకూరుపేట,
ఏప్రిల్ 14.

లిల్లీ,

వందనాలు. నిన్న మట్టల ఆదివారం, ఈస్టరుకు ఇంకా వారమే. జరిగింది జరిగినట్టు రాస్తాను.

శనివారం కిషోర్‌ను పిలిచి బోరు సంగతి, కూటం సంగతి రెండూ చెప్పాను. బోరు గురించి విని నవ్వాడు. "నువ్వు పాటలు పాడతా కడగతా ఉంటే ఇంజనుకు కూడా మంచిదేనని అనుకున్నా పెద్దక్కా" అన్నాడు. కూటం గురించి విని నవ్వలేదు. "అది నువ్వా" అన్నాడు. కాసేపటికి "మొదట ఎవరన్నారో అని రెండు నెలలు ఒక్కొక్కళ్ల ముఖం చూసినా. నీ ముఖం చూడలా" అన్నాడు. నాకు ఏడుపు రాలేదు. వచ్చి ఉంటే బాగుండేది.

తరువాత నేను కారు కడిగాను. వాడు పైపు పట్టాడు.

నిన్న ఆరింటికి సమాధానాన్ని తీసుకుని రైసు మిల్లు ముందున్న సిమెంటు కళ్లం దగ్గరికి పోయాం. వడ్లు లేవు, మనుషులు లేరు. "నువ్వొకసారి తోలి చూడు, క్లచ్ సంగతి లిల్లీ అడిగింది" అని మాత్రమే చెప్పాను. నీళ్ల సంగతి చెప్పలేదు. అడిగితే చెప్పేదాన్ని, అడగలేదు. నేను కల్వర్టు మీద కూర్చున్నాను. కిషోర్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

సమాధానం తెల్ల పంచె సర్దుకుని ఎక్కాడు. కదిలించాడు. ఆగింది. మళ్లీ కదిలించాడు, నాలుగు గజాలు పోయి ఆగింది. మూడోసారి కప్పలా గెంతి ఆగింది. అద్దం దించి "ఏందక్కా ఇది" అన్నాడు. "ఇంకొకసారి" అన్నాను. ఏడుసార్లు చేయించాను. ఐదుసార్లు ఆగింది.

అప్పుడే మనూరి రైతు ముత్యాలయ్య ట్రాక్టరు మీద గుంటల వైపు పోతూ ఆపాడు. కొంచెంసేపు చూశాడు. "ఏం సమాధానం గారూ, మీరు కూడా మొదలుపెట్టినారా?" అన్నాడు.

సమాధానం ముఖం నేను రాయను. నువ్వు రాయొద్దన్నావు కదా.

"పెద్దాయనకు కూడా నా దగ్గరే నేర్పించాల్నా ఏంది కిషోరూ? ఇంకో శనివారం ఖాళీ చేసుకుంటాలే" అన్నాడు ముత్యాలయ్య. "గమ్మునుండు మావా" అన్నాడు కిషోర్. ఆయన గమ్మునుండే మనిషి కాదు. మొత్తం చెప్పేశాడు. ఫిబ్రవరి నుంచి ప్రతి శనివారం మన తమ్ముడు ఆయన పొలానికి పోయి, దమ్ము చేసిన మడిలో ఆయన ట్రాక్టరు మీద క్లచ్ తొక్కడం, వదలడం నేర్చుకుంటున్నాడు. పాత తాగుడు వల్ల ఎడమ కాలి నరం చచ్చిపోయిందేమో అనుకున్నాడట. డాక్టరు దగ్గరికి పోతే ఊరికి తెలుస్తుందని బురదలోకి పోయాడు. "నేను పదేళ్లుగా తోలతా ఉండా, ఈడు తొక్కినంత మెత్తగా నా క్లచ్ నేనెప్పుడూ తొక్కలా. అయినా కాదంటాడు, ఇంకోసారి అంటాడు" అన్నాడు ముత్యాలయ్య.

ఇరవై ఏళ్ల డ్రైవరు, లిల్లీ. అందరూ నీదే తప్పంటే, పోట్లాడకుండా, తాగకుండా, మొదటి నుంచి నేర్చుకోవడానికి పోయాడు. మన ఇంట్లో దేవునికి దగ్గరగా ఉండేది నేనని అందరూ అంటారు.

సమాధానం కారు దిగి వచ్చాడు. అప్పుడు నీళ్ల సంగతి చెప్పాను. పెడల్ దగ్గర వంగి చూశాడు. నువ్వు చెప్పిన స్విచ్ మీద, వైర్లు కలిసేచోట ఆకుపచ్చగా చిలుము పట్టి ఉంది, చుట్టూ తెల్లటి ఉప్పు. వేలితో గీరి నాలుక మీద పెట్టుకున్నాడు. గుడికి ముగ్గురం నడిచిపోయాం. ముసలమ్మలను ఆటోలో పంపించాం.

సాయంత్రం అందరం సమాధానం ఇంట్లో కూర్చున్నాం. హెప్సిబా కూడా వచ్చింది. సమాధానం తాళం తీసి కిషోర్ ముందు పెట్టాడు. "నాదే తప్పు. తీసుకోరా" అన్నాడు.

కిషోర్ ముట్టుకోలేదు. "తాళం నువ్విస్తావన్నా. ఎనక సీట్లో ముక్కు ఎగబీల్చేవాళ్లకు ఏం ఇస్తావు?" అన్నాడు.

సమాధానం ఆలోచించి, "ఈస్టరు రోజు సాక్ష్యాల వేళలో నేను లేచి చెబుతాలే. సంఘం ప్రార్థన ఫలించింది, మా తమ్ముడు నిలబడినాడు అంటే సరిపోతుంది. అందరూ సంతోషపడతారు, అక్క మాటా పోదు" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. ఒక క్షణం నాకు కూడా హాయిగా అనిపించింది. దాచను.

అప్పుడు హెప్సిబా తలెత్తింది. మూడు నెలల్లో ఆ పిల్ల మా ముందు మాట్లాడటం అదే మొదలు. "మూడేళ్ల కింద నిలబడినాడు బావా. మళ్లా నిలబడాలంటే నడుమ పడుండాల గదా. ఎప్పుడు పడినాడో చెప్పండి" అన్నది.

సమాధానం తల దించుకున్నాడు. "అమ్మాయి చెప్పిందే నిజం" అన్నాను.

చివరికి తేలింది ఇది. రేపు మంగళవారం సమాధానం, కిషోర్ కారు తీసుకుని, ఈ ఉత్తరం పట్టుకుని నీ దగ్గరికి వస్తారు. స్విచ్ మార్చి, వైర్లు శుభ్రం చేయి. తోలేది సమాధానం, పక్కన కూర్చునేది కిషోర్. ఈస్టరు దాకా ప్రయాణికులను తీసుకుపోయేది కూడా సమాధానమే. అప్పటిదాకా తాళం ముట్టనని కిషోర్ అన్నాడు, మేం ఒప్పుకున్నాం. హెప్సిబా కావలికి పోవడం లేదు. బోరు పైపు ఇక చెట్లకే.

ఈస్టరు ఆదివారం సాక్ష్యాల వేళలో లేచేది సమాధానం కాదు, నేను. మా తమ్ముడు మళ్లీ మానాడని చెప్పను. అసలు తాగలేదని చెబుతాను. తాగాడని మొదట చెప్పిన నోరు నాదని, కారును ఆపిన చెయ్యి నాదని చెబుతాను. ప్రార్థన ఫలించిందని ఎవరైనా అంటే, ఆ ప్రార్థన చేయకూడనిదని కూడా చెబుతాను. అంతమంది ముందు అంతసేపు మాట్లాడటం నాకు అలవాటు లేదు. సమాధానం నా పక్కన నిలబడతానన్నాడు. కిషోర్ వెనక బెంచీలో కూర్చుంటానన్నాడు, వెంకటశేషమ్మ గారిని కూడా గుడికి పిలుచుకొచ్చి, పక్కన కూర్చోబెట్టుకుని.

పెద్దక్క